రాసు దొర పది అణాలు

ఆగస్టు 20వ తేదీ వచ్చినదనగానే మన పాఠశాలలలో దోమలను గూర్చి వ్యాసములు చదివింతుము. రొనాల్డ్ రాసు చిత్రపటము చూపింతుము. 1897లో ఆ దినముననే సికింద్రాబాదు చెంతనున్న బేగంపేటలో ఆయన దోమ కడుపున మలేరియా క్రిమి జాడను కనుగొనెను. ఆ దోమలకు తన రక్తమిచ్చిన మనుష్యుని పేరు మాత్రము పాఠములలో అరుదుగా కానవచ్చును. ఆతడు హుసేన్ ఖాన్. అచ్చటి ఆసుపత్రిలో జ్వరముతో పడియున్న రోగి. ఆతనిని విడిచి రాసు జీవితము చెప్పుట నాకు న్యాయముగా తోచదు.

రాసు 1857 మే 13న హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించెను. తండ్రి సైన్యమున ఉన్నతోద్యోగి. కుమారునికి కవిత్వము, సంగీతము, చిత్రలేఖనముల యందు మక్కువ. కొడుకు వైద్యుడు కావలెనని తండ్రి పట్టుదల. తండ్రి మాటయే నెగ్గినది. 1875లో లండనులో వైద్యవిద్యకు చేరినను శ్రద్ధ అంతంతమాత్రమే. ఒక పరీక్ష తప్పి, కొంతకాలము ఓడవైద్యుడుగా తిరిగి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున ప్రవేశించెను. మద్రాసు, బర్మా, అండమాను, బెంగుళూరు తిరుగుచు, పద్యములును నవలలును వ్రాసికొనుచు కాలము గడపెను. 1894లో సెలవుపై లండను వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అను పెద్ద వైద్యుడు సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని చూపి, దోమకును దీనికిని సంబంధముండవచ్చునన్న తన ఊహను వివరించెను. ఆ నాటినుండి రాసునకు వేరు ధ్యాస లేదు.

1895లో సికింద్రాబాదు చేరగానే పని ఆరంభించెను. అబ్దుల్ కాదర్ అను రోగిని దోమలచేత కుట్టించెను. దోమ నీటిలో చచ్చినప్పుడు క్రిమి ఆ నీటిద్వారా మనుష్యునికి చేరునని మాన్సన్ తలంపు. దానిని పరీక్షింపగోరి, రాసు ఆ దోమలు చచ్చిన నీటిని లచ్మన్ అను ఆరోగ్యవంతుడగు యువకునిచేత త్రాగించెను. కొన్ని దినములకు ఆతనికి స్వల్పజ్వరము తగిలెను, రాసు సంతోషించెను. ఇతరులపై చేసిన పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. ఊహయే తప్పు.

1897లో మరల సికింద్రాబాదు వచ్చెను. మండువేసవి గడచినను ఉక్క తగ్గలేదు. పంకా వేసినచో కోసిన దోమలు ఎగిరిపోవునని అదియు మాన్పించెను. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి. ఆగస్టు నడుమ రెక్కలపై మచ్చలుగల క్రొత్త జాతి దోమలు దొరకగా, 16వ తేదీన వానిలో పదింటిని హుసేన్ ఖాన్ మీద వదలిరి. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున పది అణాలు ఆతనికి ముట్టినవి. అణా యనగా రూపాయిలో పదునారవ వంతని నేటి విద్యార్థులకు చెప్పవలసియున్నది. నాలుగవ దినమున ఆ దోమలలో ఒకదాని పొట్టగోడయందు రాసు వెదకుచున్న నల్లపొడి కణములు కనబడెను.

పది అణాలిచ్చుట నేరమా? హుసేన్ ఖాన్ అప్పటికే మలేరియా రోగి. పది దోమకాట్లవలన ఆతనికి క్రొత్తగా కలిగిన కీడు స్వల్పము. రాసు సొమ్ము ఇచ్చెను, సంగతి దాచలేదు. అయినను జ్వరపీడితుడు, తనకు వైద్యము చేయు దొర అడిగినప్పుడు, కాదనగలడా? లచ్మన్ విషయము ఇంతకన్న బరువైనది. రోగములేని వానికి రోగము కలుగునేమో చూచుటకే ఆ నీరు త్రాగించుట జరిగినది. నన్నడిగినచో రాసు చరిత్రలో తీర్పునకు నిలువవలసినది ఆ గ్లాసెడు నీరే. 1858 చట్టముచే ఏర్పడిన ఇంగ్లండు జనరల్ మెడికల్ కౌన్సిలు ఆ కాలమున వైద్యుల నడవడిని విచారించుచునే యుండెను. కాని దానికి పట్టిన చింత ప్రకటనలు వేసికొనుట, పట్టాలేని వారితో చేయి కలుపుట వంటివానిని గూర్చియే. ప్రయోగమునకు లోనగు రోగికి ఏమి చెప్పవలెనన్న నియమము దాని గ్రంథములలో లేదు.

1898లో రాసు కలకత్తా చేరునప్పటికి ప్లేగు సూదిమందుపై వదంతులు వ్యాపించియుండెను. సొమ్మిత్తుమన్నను వ్రేలు గుచ్చించుకొనుటకు జనులు వెనుదీసిరి. అందుచేత ఆయన పక్షుల మలేరియాను చేపట్టి, మహమ్మద్ బక్సు అను సహాయకునితో కలిసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులలోనికి చేరి కాటుద్వారా వెడలునని ఆ జూలైలో నిరూపించెను. పేదల నిరాకరణయే శాస్త్రమునకు దారి చూపినది! 1902లో నోబెల్ బహుమానము లభించెను.

ఇంతలో లోకమున కొంత మార్పు వచ్చెను. 1900లో మాన్సన్ లండనునందు మలేరియా దోమలచేత తన కుమారునినే కుట్టించెను. ఆ యువకుడు వైద్యవిద్యార్థి, ఎరిగి ఒప్పుకొన్నవాడు. ఆ ఏడే క్యూబాలో వాల్టర్ రీడ్ పచ్చజ్వర పరీక్షలకు లోనగువారితో అపాయమును విడమరచి చెప్పు ఒప్పందపత్రములు వ్రాయించెను. డిసెంబరున ప్రష్యా ప్రభుత్వము, చికిత్సకు సంబంధింపని ప్రయోగములను బాలురపైనను, సమ్మతి తెలుపని వారిపైనను చేయరాదని ఉత్తరువిచ్చెను. 1947 నాటి న్యూరెంబర్గు తీర్పు, 1964 నాటి హెల్సింకి ప్రకటన తరువాతివి.

మన దేశమున భారత వైద్య పరిశోధనా మండలి 1980లో తొలి నీతిసూత్రములను వెలువరించెను. వానిని మీరుట వృత్తిదోషమని భారత వైద్య మండలి 2002 నియమావళి స్పష్టపరచెను. 2023లో క్రొత్త నియమావళి ప్రకటించి, ఆ నెలలోనే నిలిపివేసి, పాతదానినే మరల అమలున ఉంచిరి. పరిశోధనా మండలి 2017 సూత్రములననుసరించి, తాడిమర్రి రైతు అనంతపురము ఆసుపత్రిలో పరిశోధనకు ఒప్పుకొనవలెనన్న సంగతి ఆతనికి తెలియు తెలుగులో చెప్పవలెను. వ్రేలిముద్ర వేయువాడైనచో నిష్పక్షపాతియగు సాక్షి ఉండవలెను. ఆశ పుట్టించునంత సొమ్ము చూపరాదు. బాలల విషయమున తలిదండ్రుల సమ్మతియు, ఏడేండ్లు దాటిన బాలల అంగీకారమును కావలెను.

ఉపాధ్యాయులు గుర్తుంచుకొనదగిన సంగతి యొకటి మన నేలమీదనే జరిగినది. 2009లో ఖమ్మము జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు నివారణకై ఒక టీకా పరిశీలన పేరిట బాలికలకు సూదులు వేసిరి; పలువురు గిరిజన వసతిగృహములలోని వారు. 2010 ఏప్రిలులో ప్రభుత్వము దానిని ఆపివేసెను. బాలికల మరణములకు టీకా కారణము కాదని విచారణ తేల్చినది. సమ్మతిపత్రములమాట వేరు: పరిశీలించిన 9,543 పత్రములలో 2,763 వసతిగృహ సంరక్షకులు సంతకము చేసినవని 2013లో పార్లమెంటు స్థాయీసంఘము నివేదికలో బయటపడినది. తల్లిదండ్రులు వ్రాయవలసినచోట బడివారు వ్రాసిరి.

రాసు తుదిదశ కొంత విచారకరము. 1911లో సర్ బిరుదు, 1926లో లండనున ఆయన పేర ఒక పరిశోధనాలయము లభించినవి. అయినను తన శ్రమకు తగిన ప్రతిఫలము ముట్టలేదన్న బాధ వదలలేదు. మశూచి టీకా కనుగొన్న జెన్నరునకు పార్లమెంటు ముప్పదివేల పౌనులిచ్చినదని చూపి తనకును పారితోషికమిమ్మని విన్నవించెను, సర్కారు ఇవ్వలేదు. 1928లో తన కాగితములన్నియు అమ్మకమునకు పెట్టగా, లేడీ హూస్టను అను ధనవంతురాలు రెండువేల పౌనులకు కొనెను. 1932 సెప్టెంబరు 16న ఆయన కన్నుమూసెను.