పూడిక తీసిన సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్

దక్షిణ దిల్లీలోని హౌజ్ ఖాస్ చెరువుకు ఆగ్నేయ మూలన ఒక చదరపు సమాధి మందిరం ఉంది. దాని నుంచి రెండు బారులుగా పాత మదరసా గదులు గట్టు వెంట సాగుతాయి. ఆ మందిరంలో ఉన్నది 1351 నుంచి 1388 వరకు దిల్లీని ఏలిన ఫిరోజ్ షా తుగ్లక్ సమాధి. అయితే ఆ చెరువును తవ్వించింది అతడు కాదు. అతనికి అర్ధ శతాబ్దం ముందే అలాఉద్దీన్ ఖిల్జీ, తన సిరి నగరం దాహం తీర్చడానికి దాదాపు 50 హెక్టార్ల మేర దానిని తవ్వించాడు. ఫిరోజ్ చేసింది పూడిక తీయించడమే. 1398 డిసెంబరులో దిల్లీపై దండెత్తి వచ్చిన తైమూర్ ఆ చెరువు వద్దే విడిది చేశాడు. ఆ చెరువు ఫిరోజ్ తవ్వించినదేనని అతని చరిత్రకారులు రాసుకున్నారు. బాగు చేసినవాడికి కట్టినవాడి పేరు దక్కడం లోకంలో అరుదు. సాధారణంగా బాగు చేసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

ఫిరోజ్ 1309లో పుట్టాడు. తండ్రి రజబ్, తుగ్లక్ వంశ స్థాపకుడు గియాసుద్దీన్‌కు తమ్ముడు. తల్లి దీపాల్‌పూర్ ప్రాంతపు భట్టి రాజపుత్ర ప్రభువు రాణా మల్ కుమార్తె. తండ్రి చిన్ననాడే చనిపోవడంతో పెదతండ్రి నీడన పెరిగి, ఆపై పెదతండ్రి కుమారుడైన మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో రాజ్య వ్యవహారాలు నేర్చుకున్నాడు.

ఆ కొలువులో అతడు కళ్లారా చూసింది కరవు. 1330 దశకంలో గంగా యమునల నడుమ దోఆబ్ ప్రాంతంలో వానలు మొఖం చాటేశాయి. అదే సమయంలో మహమ్మద్ భూమి శిస్తు పెంచాడు. రైతులు పొలాలు వదిలి అడవుల పాలయ్యారు. దిల్లీలో తిండిగింజలు దొరకక చివరికి సుల్తానే గంగ ఒడ్డున స్వర్గద్వారి అనే చోట విడిది వేసుకుని కొంతకాలం గడపవలసి వచ్చింది. 1351 మార్చిలో సింధులోని తట్టా సమీపంలో మహమ్మద్ మరణించగా, నడివయసులో ఉన్న ఫిరోజ్‌ను ఆ సేనా శిబిరంలోనే సుల్తానుగా నిలబెట్టారు. పాత తకావీ రుణాలను రద్దు చేయడం అతని తొలి పనుల్లో ఒకటి. తరువాత అతని దృష్టి నీటిమీదికి మళ్లింది.

దిల్లీకి పడమట, దక్షిణాన ఆరావళి కొండల చివరి వరుస ఉంది. దానినే రిడ్జ్ అంటారు. తూర్పున యమున. ఏటి వానలో అధిక భాగం మూడు నెలల్లోనే కురిసి, ఆ రాతి వాలు మీద నుంచి వాగులై నదిలోకి జారిపోతుంది. మిగతా తొమ్మిది నెలలు నగరం బతకాలంటే ఆ జారే నీటిని దారిలో నిలపాలి. ఇల్‌టుట్‌మిష్ మెహ్రౌలీలో తవ్వించిన హౌజ్-ఇ-షంసీ, అలాఉద్దీన్ చెరువు ఆ పనికోసం పుట్టినవే. ఫిరోజ్ గద్దెనెక్కేనాటికి రెండూ పాడుపడి ఉన్నాయి.

అవి ఎలా పాడయ్యాయో ఫిరోజే తన పాలనా వివరణ అయిన ఫుతూహాత్-ఇ-ఫిరోజ్‌షాహీలో చెప్పుకున్నాడు. షంసీ చెరువుకు నీరు చేరే కాలువలను కొందరు అడ్డుకట్టలు వేసి మూసేశారు. అలాఉద్దీన్ చెరువు పూర్తిగా పూడిపోయి, అందులో జనం సేద్యం చేసుకుంటున్నారు. అంతటితో ఆగక అందులోనే బావులు తవ్వి ఆ నీటిని అమ్ముకుంటున్నారు. చెరువు శిఖం ఆక్రమణ, ప్రైవేటు నీటి వ్యాపారం అనే రెండు జాడ్యాలూ 14వ శతాబ్దంలోనే ఉన్నాయన్నమాట. కాలువలు మూసినవారిని సుల్తాన్ శిక్షించాడు, కాలువలు తెరిపించాడు, రెండో చెరువును శుభ్రం చేయించి ఏటేటా నిండేలా చేశాడు. 1352లో గట్టు మీద మదరసా కట్టించాడు. చెరువు పక్కన చదువుకునే పిల్లలు, పండితులు ఉంటే చెరువు మళ్లీ పొలంగా మారడం అంత తేలిక కాదు. అతని ఉద్దేశం అదేనో కాదో గానీ, ఫలితం మాత్రం అదే.

కొత్త నిర్మాణాలూ తక్కువేమీ కాదు. 1354లో హిసార్ నగరానికి పునాది వేసి, ఆ మెట్ట ప్రాంతానికి యమున నుంచి, సట్లెజ్ నుంచి కాలువలు తవ్వించాడు. ఆ నీరు వాడుకునే రైతు నుంచి పదోవంతు నీటి పన్ను వసూలు చేయవచ్చునా అని మతపండితులను అడిగి, వారు సరేనన్నాకే విధించాడు. దిల్లీ చుట్టూ 1,200 తోటలు వేయించాడని, వాటి నుంచి ఖజానాకు 1,80,000 టంకాలు వచ్చేవని అతని చరిత్ర రాసిన షంస్-ఇ-సిరాజ్ అఫీఫ్ నమోదు చేశాడు. ఆ తోటల్లో ద్రాక్షకు పెద్దపీట. రిడ్జ్ మీద, ఈనాటి మాల్చా మహల్, భూలీ భటియారీ, పీర్ గాయబ్ ఉన్నచోట్ల వేట మందిరాలు కట్టించాడు. మాల్చా, భూలీ భటియారీల వద్ద వాననీటిని ఆపే కట్టలు కూడా ఉన్నాయి. నీరు నిలిస్తే జంతువులు వస్తాయి, జంతువులు వస్తే సుల్తానుకు వేట. ఆ నీరే రాతి పగుళ్లలోంచి ఇంకి కింది బావులకు చేరేది.

ఈ పనులన్నీ సాగుతున్నప్పుడు రాజధానిని నడిపింది ఒక తెలుగువాడు. కాకతీయ ప్రతాపరుద్రుని కొలువులో ఉండి, 1323లో ఓరుగల్లు పతనమయ్యాక దిల్లీ చేరి, ఇస్లాం స్వీకరించి మాలిక్ మక్బూల్‌గా మారిన అతనిని ఫిరోజ్ వజీరుగా చేసుకుని ఖాన్-ఇ-జహాన్ బిరుదు ఇచ్చాడు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల నాడు అతని పుట్టినగడ్డ. సుల్తాన్ బెంగాల్‌కో, ఒడిశాకో దండయాత్ర వెళ్తే దిల్లీ మక్బూల్ చేతిలోనే ఉండేది. తట్టా దండయాత్రలో సైన్యం కచ్ ఉప్పు ఎడారిలో దారి తప్పి, తాగడానికి మంచినీళ్లు లేక అల్లాడింది. నెలల తరబడి రాజధానికి కబురు లేదు. సుల్తాన్ నుంచి లేఖ వచ్చిందని తానే ఒకటి పుట్టించి జనం కలవరపడకుండా చూశాడట ఆ వజీరు. నిజాముద్దీన్ బస్తీలో ఉన్న అతని సమాధి దిల్లీ తొలి అష్టభుజి సమాధిగా పేరుపొందింది.

ఫిరోజ్‌ను దయామయుడైన తోటమాలిగా మాత్రమే చూపితే అది చరిత్ర కాదు. పూరీ జగన్నాథ ఆలయంపై దాడి చేసినవాడు అతడే. అంతవరకు మినహాయింపు ఉన్న బ్రాహ్మణులపైనా జిజియా విధించాడు. అతని కాలంలో బానిసల సంఖ్య 1,80,000కు చేరిందని అఫీఫే రాశాడు. సైనిక పదవులు వారసత్వంగా ఇవ్వడంతో సైన్యం బలహీనపడింది. 1388 సెప్టెంబరులో అతడు కన్నుమూశాక పదేళ్లకే తైమూర్ వచ్చాడు.

యమున కాలువా తరువాత పూడిపోయింది. అక్బర్ కాలంలో తిరిగి తెరిచారు, షాజహాన్ కాలంలో అలీ మర్దాన్ ఖాన్ దానిని దిల్లీ దాకా తెచ్చాడు, మళ్లీ పూడింది, 1820లో బ్రిటిష్‌వారు మళ్లీ నీళ్లు పారించారు. ఆ పరంపరకు వారసురాలైన పశ్చిమ యమున కాలువే నేడు హైదర్‌పూర్ శుద్ధి కేంద్రానికి నీరందిస్తోంది. 2024 వేసవిలో దిల్లీ తాగునీటికి కటకటలాడింది. మే 29న సఫ్దర్‌జంగ్‌లో 46.8 డిగ్రీల ఎండ కాసింది. నెల తిరిగేలోపే, జూన్ 28 ఉదయానికి 24 గంటల్లో 228.1 మిల్లీమీటర్ల వాన కురిసి నగరం మునిగింది.

నగరాన్ని వాతావరణ మార్పుకు సిద్ధం చేయాల్సిన ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల ముందున్న పని ఈ రెండు తేదీల మధ్యనే ఉంది. పరీవాహక ప్రాంతమంతా ఇళ్లయిపోయి ఎండిన హౌజ్ ఖాస్‌ను శుద్ధి చేసిన మురుగునీటితో మళ్లీ నింపారు. నిండింది పాత చెరువులో ఒక భాగమే. 1994లో రిడ్జ్‌లోని 7,777 హెక్టార్లను రిజర్వు అడవిగా ప్రకటించారు. మక్బూల్ సమాధికి దగ్గరలోని సుందర్ నర్సరీని ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ మొహమ్మద్ షహీర్ రూపకల్పనతో ఉద్యానంగా మార్చి 2018లో ప్రజలకు తెరిచారు.

ఫిరోజ్ తన ఫుతూహాత్‌ను ఫిరోజాబాద్ కోటలోని పెద్ద మసీదు గోపురం మీద చెక్కించాడు. ఆ గోపురం ఇప్పుడు లేదు, రాతప్రతి మిగిలింది. ఒకప్పుడు ఆ కోట గోడను ఒరుసుకుంటూ పారిన యమున తూర్పుకు జరిగిపోగా, వదిలిన నేల మీద రింగ్ రోడ్డు వెలిసింది. 2023 జులై 13న పాత రైలు వంతెన వద్ద నీటిమట్టం 208.66 మీటర్లకు చేరినప్పుడు, కోటకు కూతవేటు దూరంలోని రాజ్‌ఘాట్ దాకా, ఐటీఓ కూడలి దాకా నది మళ్లీ వచ్చింది.