కార్ల్ చెర్నీ

కార్ల్ చెర్నీ (ఫిబ్రవరి 21, 1791 - జూలై 15, 1857) ఆస్ట్రియాకు చెందిన పియానో విద్వాంసుడు, స్వరకర్త, సంగీత గురువు. ఇతడు బీథోవెన్‌కు శిష్యుడు, ఫ్రాంజ్ లిస్ట్‌కు గురువు. ఇతని రచనలు 800కు పైబడినా, పియానో సాధన కొరకు కూర్చిన అభ్యాసాల వల్లనే ఇతడు ప్రసిద్ధుడు.

బాల్యం, విద్య

చెర్నీ వియన్నాలో చెక్ సంతతికి చెందిన కుటుంబంలో జన్మించాడు. పియానో బోధకుడైన తండ్రి వెన్జెల్ ఇతనికి తొలి గురువు. సుమారు పదేళ్ళ వయసులో బీథోవెన్ వద్ద శిష్యరికం మొదలైంది. బీథోవెన్ తొలి పాఠాలలో కృతులకు బదులు అన్ని శ్రుతులలోని స్వరవరుసలను (స్కేళ్ళను) మాత్రమే సాధన చేయించాడు. చేతిని ఉంచే తీరు, బొటనవేలి వాడుక, స్వరాలను తెగకుండా కలిపి వాయించుట ఇందులో ముఖ్యమైనవి.

బోధన

1812లో బీథోవెన్ ఐదవ పియానో కచేరీ కృతిని వియన్నాలో తొలిసారి వాయించినది చెర్నీయే. అయినా ఇతడు కచేరీ జీవితాన్ని విడిచి బోధనను ఎంచుకున్నాడు. పదిహేనేళ్ళ వయసులోనే పాఠాలు చెప్పడం ప్రారంభించి, 1836 వరకు కొనసాగించాడు. బీథోవెన్ తన తమ్ముని కొడుకు కార్ల్‌కు పాఠాలు చెప్పే బాధ్యతను ఇతనికే అప్పగించాడు. వేళ్ళ క్రమం, లయ, స్వరాలు కుదిరిన తరువాత చిన్న తప్పులకు మధ్యలో ఆపవద్దని, కృతి ముగిశాకే వాటిని చెప్పాలని సూచించాడు.

లిస్ట్‌ను బాలుడిగా మొదటిసారి విన్నప్పుడు, అతని ప్రతిభతో పాటు వేళ్ళ క్రమం, లయ అదుపులో లేకపోవడాన్ని కూడా చెర్నీ గమనించాడు. 1822 నుండి రుసుము తీసుకోకుండా నేర్పుతూ, ముందుగా స్వరవరుసలతో ఆ లోపాలను సరిదిద్దాడు. లిస్ట్ 1852లో ప్రచురించిన తన ప్రసిద్ధ అభ్యాస కృతులను గురువుకే అంకితమిచ్చాడు.

సాధనా పద్ధతి

కష్టమైన అంశాన్ని విడదీసి, దానినొక్కదానినే చిన్న అభ్యాసంగా మలచి, పలుమార్లు వాయింపజేయడం చెర్నీ పద్ధతి. వేళ్ళ క్రమం మొదటినుండి సరిగా ఉండాలి. నెమ్మదిగా తప్పులేకుండా వచ్చిన తరువాతే వేగం పెంచాలి. ఓపస్ 821లో 8 గతుల అభ్యాసాలు 160 ఉన్నాయి. ఓపస్ 337లోని 40 దినచర్య అభ్యాసాలలో ఒక్కొక్క భాగాన్ని ఎన్నిసార్లు వాయించాలో కూడా నిర్దేశించాడు. ఓపస్ 599 ప్రారంభకులకు, ఓపస్ 299 వేగానికి, ఓపస్ 740 వేళ్ళ నైపుణ్యానికి ఉద్దేశించినవి.

విమర్శ

చెర్నీ కృతులలో ఊహాశక్తి లేదని రాబర్ట్ షూమన్ విమర్శించాడు. ఈ అభ్యాసాలు సాధనను యాంత్రికం చేస్తాయనే అభిప్రాయం కూడా ఉంది. అయితే 1839 నాటి ఓపస్ 500 బోధనా గ్రంథంలో చెర్నీ ఒక భాగాన్ని పూర్తిగా భావయుక్తమైన వాదనానికే కేటాయించాడు. వేళ్ళ సాధన ఇతని దృష్టిలో ఆ గమ్యానికి మార్గం మాత్రమే.

చివరి దశ

చెర్నీ అవివాహితుడు. తోబుట్టువులు లేరు. వియన్నాలోనే మరణించాడు. తన సంపదలో అధికభాగాన్ని బధిరుల సహాయ సంస్థతో సహా ధర్మసంస్థలకు, వియన్నాలోని సంగీత మిత్రుల సంఘానికి వీలునామా ద్వారా ఇచ్చాడు.