కీర్తిశేషులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

భుజించిన యన్నము బలముగా మారుట యెట్లు? వ్యయము గాక మిగిలినది మేదస్సై దేహమును భారము చేయుట యేల? చరకాచార్యులు అతిస్థూలుని నిందితులగు నెనమండ్రలో చేర్చి, మేదోవృద్ధికిని జఠరాగ్నికిని గల సంబంధమును చర్చించిరి. ఆ యగ్ని రహస్యమును రసాయనశాలలో వెలికి దీసినవారిలో నొకరు మన యాంధ్రులగుట మనకు గర్వకారణము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జగన్నాథము, వెంకమ్మ దంపతులకు జన్మించిరి. బాల్యమున చదువుపై మనసు నిలువక, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనమార్జింతునని కాశికి బయలుదేరగా తల్లి వెనుకకు రప్పించెను. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమార్లు తప్పి, చెన్నపట్టణము చేరి మూడవమారు కృతార్థులైరి. రాజమహేంద్రవరమునుండి అచ్చటికి పోవు రైలుమార్గము నాడును నేటివలెనే మన గూడూరు మీదుగా నుండెను. అన్నగారు పురుషోత్తముగారు గ్రహణిరోగమున మరణించుట ఆయన మనసున చెరగని గాయమయ్యెను.

వైద్యకళాశాలలో, గాంధీమహాత్ముని పిలుపు నాలకించి ఖద్దరు ధరింపగా ఆచార్యు డొకడు కినిసెను. ఎం.బి.బి.యస్. పట్టమునకు మారుగా దానికి తక్కువదగు ఎల్.ఎం.యస్. మాత్రమే దక్కెను. అయినను మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ధనము కూర్చిరి. కాకినాడయందలి మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థ సహాయము చేయుదునని మాట యిచ్చెను. ఆయన సముద్రము దాటి అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. భార్య శేషగిరిగారు మరల భర్తను చూడనేలేదు.

అచ్చట రాత్రులు ఆసుపత్రిలో పరిచారకవృత్తి చేయుచు, పగలు హార్వర్డు విద్యాలయమున ఫిస్కేగారితో పరిశోధించిరి. రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఎముకల రోగములను, వృక్కరోగములను, అంతఃస్రావగ్రంథుల వికారములను తెలిసికొనుట కది సాధనమయ్యెను. 1927లో కండరములందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను శక్తిద్రవ్యమును వెల్లడించిరి. అదే యేడు జర్మనీలో లోమన్‌గారును స్వతంత్రముగా ఏ.టి.పి.ని కనుగొనిరి. అన్నమునుండి పుట్టు శక్తి యీ ద్రవ్యరూపముననే ప్రతి జీవకణమునందును నిత్యము వ్యయమగుచుండును. ఆదాయము వ్యయమును మించిన మేదస్సు పేరుకొనును. స్థౌల్యమధుమేహములను శోధించు నేటి వైద్యులకు ఈ శక్తిలెక్క పునాదిరాయి.

ఇంతటి పండితునకు హార్వర్డున స్థిరోద్యోగము లభింపలేదు. 1940లో లెడర్లే పరిశోధనాలయమున చేరిరి. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించెను. అన్నగారిని కబళించిన గ్రహణికి అది మందయ్యెను. బోదకాలు వ్యాధికి కారణమగు క్రిములపై హెట్రజాను ఔషధమును ఆయన బృందమే వెలువరించెను. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల వయసున, ఆయన అకస్మాత్తుగా దివంగతులైరి. స్వదేశమున ఆయన పేరు చాలకాలము మరుగుననే యుండెను. 1995లో భారతప్రభుత్వము ఆయన స్మారకముగా తపాలాబిళ్ల వెలువరించెను.

సోదరులారా! ముప్పదియేండ్లకు పైగా పాఠములు చెప్పినవాడను. పరీక్ష తప్పిన బాలురను మందమతులని నేనును త్రోసివేసితిని. ఈ చరిత్రము చదివినప్పుడెల్ల ఆ ముఖములు కనబడును. రెండుమార్లు తప్పి, పట్టమున కొరతపడిన యొక యువకునకు, తన కులమువాడు కాకున్నను, ఆ కాకినాడ ధర్మసంస్థ అండనిచ్చెను. మహాసభకు విచ్చేసిన పోషకులు విద్యానిధికి ద్రవ్యమొసంగునపుడు, ప్రథమశ్రేణివారితో పాటు తప్పినవారిని, మనవారితో పాటు ఇరుగుపొరుగు బీదలను గూడ తలచుకొందురుగాక.