వి.వి.గిరి: పొమ్మన్న దేశం నుంచి రాష్ట్రపతి భవన్ దాకా

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపు చాలా ఊళ్లలో కొడుకో అల్లుడో దుబాయ్‌లోనో, కువైట్‌లోనో, ఖతర్‌లోనో ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. మన దాదాల కాలంలో ఈ దారి రంగూన్ వైపు ఉండేది. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి స్టీమర్లు ఎక్కి వేలమంది బర్మా వెళ్లారు. ఓడరేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కొందరు అక్కడే సంసారాలు పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి 1942లో జపాన్ సేనలు రంగూన్‌లోకి దిగాక, ఉన్నదంతా వదిలి నడుచుకుంటూ తిరిగొచ్చారు. దారిలో ప్రాణాలు పోయినవాళ్ల లెక్క సరిగ్గా ఎవరి దగ్గరా లేదు.

పరాయి దేశంలో ఎన్నేళ్లు చెమటోడ్చినా, అక్కడ మన ఉనికి ఒక కాగితం మీదే ఆధారపడి ఉంటుంది. ఈ మాట ఎంత నిజమో రెండువైపులా నిలబడి చూసిన మనిషి ఒకాయన మన ఉత్తరాంధ్ర రాజకీయాల్లోంచే వచ్చారు. ఆయనే భారత నాలుగో రాష్ట్రపతి వరాహగిరి వెంకట గిరి. ఒకసారి ఆయన్నే ఒక దేశం పొమ్మంది. ఇంకోసారి, పొమ్మంటారేమోనని భయపడుతున్న లక్షలమంది ఉన్న దేశానికి ఆయన మన దేశం తరఫున రాయబారిగా వెళ్లారు.

బరంపురం ఇల్లు

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. నేటి శ్రీకాకుళం ప్రాంతం కూడా ఆ జిల్లాలోదే. వాళ్ల పూర్వీకులది తూర్పుగోదావరి వైపు చింతలపల్లి, అక్కడి నుంచి వలస వచ్చి బరంపురంలో స్థిరపడ్డారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, కాంగ్రెస్ మనిషి. తల్లి సుభద్రమ్మ కూడా ఇంట్లో కూర్చున్న మనిషి కాదు, తర్వాత కాలంలో స్వాతంత్ర్య పోరాటంలోకి దిగి అరెస్టయ్యారు.

చదువు బరంపురంలోని ఖల్లికోట కాలేజీలో మొదలైంది. తర్వాత బారిస్టరు చదువుకి ఐర్లండ్ రాజధాని డబ్లిన్ వెళ్లారు. అందరూ లండన్ వెళ్తుంటే డబ్లిన్ ఎందుకు? 1909లో లండన్‌లో మదన్‌లాల్ ధింగ్రా ఒక బ్రిటిష్ అధికారిని కాల్చి చంపాక, భారతీయ విద్యార్థుల మీద నిఘా పెరిగింది. లండన్ లా సంస్థల్లో సీటు దొరకడం కష్టమైంది. దాంతో కొంతమంది డబ్లిన్ బాట పట్టారు. ఒక దేశం తలుపు మూస్తే ఇంకో దేశం తలుపు తట్టడం మనవాళ్లకి కొత్త కాదు. ఇవాళ సౌదీ వీసా దొరక్కపోతే ఒమన్‌కి ప్రయత్నించడం కూడా అలాంటిదే.

డబ్లిన్‌లో మూడేళ్లు

గిరి గారు 1913లో డబ్లిన్ చేరారు. యూనివర్సిటీ కాలేజీలో చదువు, కింగ్స్ ఇన్స్‌లో లా. పందొమ్మిదేళ్ల కుర్రాడు. బరంపురం ఎండలు ఎరిగినవాడికి చలి, వాన, బొగ్గు పొగ నిండిన ఊరు. ఇంటి నుంచి ఉత్తరం రావాలంటే వారాలు పట్టేది. యుద్ధం మొదలయ్యాక అది కూడా గ్యారంటీ లేదు. 1915 డిసెంబరు 30న బొంబాయికి వస్తున్న పర్షియా అనే ఓడని జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. మూడు వందల మందికి పైగా చనిపోయారు. విదేశంలో బిడ్డ ఉన్న ఇంట్లో అలాంటి కబురు వింటే ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆయన చేరిన ఏడాదే డబ్లిన్ అట్టుడికిపోయింది. యూనియన్‌లో చేరం అని రాసివ్వమన్నారు యజమానులు. రాయం అన్నారు కార్మికులు. 1913 ఆగస్టు నుంచి 1914 జనవరి దాకా దాదాపు 20 వేల మందిని పనిలోంచి గెంటేసి గేట్లు మూసేశారు. పేదలుండే పాత మేడల్లో ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. ఆ సెప్టెంబరులో చర్చ్ స్ట్రీట్‌లో అలాంటి ఇళ్లు కూలి ఏడుగురు చనిపోయారు. కార్మికుల పక్షాన జేమ్స్ లార్కిన్, జేమ్స్ కనోలీ నిలబడ్డారు. లా పుస్తకాల్లో లేని చదువు గిరి గారు ఆ వీధుల్లో నేర్చుకున్నారు. తర్వాత జీవితమంతా ఆయన కార్మికుల మనిషిగానే ఉండటానికి బీజం ఇక్కడే పడింది.

అక్కడి భారతీయ విద్యార్థులు ఊరకే కూర్చోలేదు. దక్షిణాఫ్రికాలో మనవాళ్లని ఎంత హీనంగా చూస్తున్నారో రాసి ఒక కరపత్రం అచ్చువేశారు. ఆ మనవాళ్లలో మద్రాసు, విశాఖ తీరాల నుంచి చెరకు తోటలకి వెళ్లిన తెలుగు కూలీలూ ఉన్నారు. పోలీసుల కళ్లు విద్యార్థుల మీద పడ్డాయి, సోదాలు జరిగాయి.

నెల రోజుల గడువు

1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం నాడు, ఐర్లండ్ స్వాతంత్ర్యం కోసం డబ్లిన్‌లో తిరుగుబాటు లేచింది. ఆరు రోజుల్లో బ్రిటిష్ సేనలు అణిచేశాయి. ఆ తర్వాత నాయకుల్ని ఒకరి తర్వాత ఒకరిని కాల్చి చంపారు. అందులో థామస్ మెక్‌డొనా ఒకరు. గిరి గారికి కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన మాస్టారు ఆయనే. మే 3న ఆయన్ని, 12న కనోలీని చంపేశారు.

అనుమానం భారతీయ విద్యార్థుల మీదకీ మళ్లింది. జూన్ 1న గిరి గారికి నోటీసు వచ్చింది, జూలై 1 లోగా దేశం విడిచిపోవాలని. మూడేళ్ల చదువు, ఇంట్లోవాళ్లు పెట్టిన ఖర్చు, పట్టా చేతికొచ్చే సమయం. జూన్ 21న బారిస్టరుగా పేరు నమోదైంది. ఆ వెంటనే ఆయన మూటముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. పట్టా అందింది కాబట్టి అదృష్టవంతుడే అనుకోవాలి. ఇంకో నెల ముందు ఆ నోటీసు వచ్చి ఉంటే ఉత్త చేతులతో తిరిగొచ్చేవారు.

రైలు బస్తీల్లో

ఇండియా వచ్చాక మద్రాసు హైకోర్టులో వకీలుగా నమోదయ్యారు, కాంగ్రెస్‌లో చేరారు. 1920లో గాంధీజీ పిలుపు విని బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదిలేశారు. 1922లో సారా దుకాణాల దగ్గర ఆందోళన చేసి జైలుకెళ్లారు.

ఆయన అసలు పని మాత్రం రైల్వే కార్మికుల్లో మొదలైంది. మన శ్రీకాకుళం, విజయనగరం మీదుగా పోయే లైను అప్పట్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. దాని పెద్ద వర్క్‌షాపు బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఉండేది. మన జిల్లాల నుంచి ఎంతోమంది అక్కడికి పనికి వెళ్లి, భార్యాపిల్లల్ని తీసుకెళ్లి, క్వార్టర్లలో, బస్తీల్లో కాపురాలు పెట్టారు. ఇప్పటికీ ఖరగ్‌పూర్‌లో తెలుగు మాట వినిపిస్తుంది. భాష వేరు, తిండి వేరు, ఊరు దూరం. ఉద్యోగం ఊడితే ఇల్లు కూడా పోతుంది, ఎందుకంటే క్వార్టరు కంపెనీది. అందుకే ఉద్యోగాల కోత అంటే వాళ్లకి జీతం ఒక్కటే పోవడం కాదు, ఊరు వదిలిపోవడం.

గిరి గారు ఆ రైల్వేలో సంఘం కట్టారు. 1920ల చివర్లో కోతలకి వ్యతిరేకంగా సమ్మెలు నడిపించారు, శాంతియుతంగా నడిపించారు. 1923లో అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపనలో ఉన్నారు. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకి మన కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. కోర్టుకెక్కి ఏళ్ల తరబడి తిరగడం కంటే యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడం మేలని ఆయన గట్టిగా నమ్మారు. తర్వాత అది గిరి పద్ధతి అని పేరు పడింది.

ఇల్లు కదల్లేదు, హద్దు కదిలింది

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం అటు పోయింది, శ్రీకాకుళం మద్రాసు వైపు ఉండిపోయింది. బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్లు గడప దాటకుండానే పక్క రాష్ట్రంవాళ్లు అయిపోయారు. ఇవాళ్టికీ ఆ ఊళ్లకీ మన ఊళ్లకీ మధ్య పెళ్లి సంబంధాలు నడుస్తూనే ఉన్నాయి.

మరుసటి ఏడాది ఎన్నికల్లో గిరి గారు బొబ్బిలిలో నిలబడ్డారు. ఎదురుగా ఉన్నది మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా చేసిన బొబ్బిలి రాజా. రాజా గారి సొంత గడ్డ మీద రాజా గారే ఓడిపోయారు. గిరి గారు రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ మంత్రి అయ్యారు. 1942లో క్విట్ ఇండియా వచ్చింది, మళ్లీ జైలు. 1945 దాకా వెల్లూరు, అమరావతి జైళ్లలో గడిపారు.

ఆయనకీ భార్య సరస్వతీబాయి గారికీ 14 మంది సంతానం. ఇంటి పెద్ద మూడేళ్లు జైల్లో ఉంటే అంత పెద్ద సంసారం ఎవరి భుజాల మీద నడిచి ఉంటుందో వేరే చెప్పాలా? మగాళ్లు గల్ఫ్‌లో ఉంటే ఇక్కడ ఇల్లు నెట్టుకొస్తున్న మన అమ్మీలకి, ఆపాలకి ఆ బరువు బాగా తెలుసు.

కొలంబోలో

1947లో నెహ్రూ ప్రభుత్వం గిరి గారిని సిలోన్, అంటే నేటి శ్రీలంకకి, హైకమిషనర్‌గా పంపింది. 1951 దాకా ఆ పదవిలో ఉన్నారు. ఆయన ఎదుర్కొన్న చిక్కు మామూలుది కాదు.

బ్రిటిష్‌వాళ్లు తేయాకు తోటల కోసం దక్షిణ భారతం నుంచి కూలీలను సిలోన్ తీసుకెళ్లారు. ఎక్కువమంది తమిళులు. కొండల మీద వరసగా కట్టిన లైను ఇళ్లు, ఒక్కో కుటుంబానికి సుమారు 10 అడుగులు, 12 అడుగుల గది. ఆడవాళ్లు ఆకు కోసేవాళ్లు, మగవాళ్లు తోట పనులు చేసేవాళ్లు. అక్కడే పిల్లలు పుట్టారు, మనవలు పుట్టారు. కొలంబోలో వ్యాపారాలు చేసుకునే భారతీయ ముస్లిం కుటుంబాలు కూడా ఉండేవి.

1948 ఫిబ్రవరి 4న సిలోన్‌కి స్వాతంత్ర్యం వచ్చింది. అదే ఏడాది పౌరసత్వ చట్టం చేశారు. సిలోన్‌లో పుడితే చాలదు, తండ్రి కూడా సిలోన్‌లో పుట్టి ఉండాలి, లేదంటే తాత, ముత్తాత పుట్టి ఉండాలి. తోట కూలీ దగ్గర తాత పుట్టిన సర్టిఫికెట్ ఎక్కడుంటుంది? 1949లో భారత, పాకిస్తాన్ నివాసుల కోసం ఇంకో చట్టం తెచ్చారు. పెళ్లైనవాళ్లు 7 ఏళ్లు, కానివాళ్లు 10 ఏళ్లు విడవకుండా అక్కడే ఉన్నట్టు రుజువు చెయ్యాలి. మగాడు ఒక్కడూ ఉంటే సరిపోదు, భార్యాపిల్లలు కూడా అక్కడే కాపురం ఉన్నట్టు చూపించాలి. కాన్పుకని పుట్టింటికి వెళ్లి ఏడాది దాటి ఉండిపోయిన భార్య, చదువుకని ఊళ్లో తాత దగ్గర ఉంచిన పిల్లాడు, ఇలాంటి మామూలు సంసారపు సంగతులే దరఖాస్తుకి అడ్డుపడేవి. అదే సమయంలో వాళ్ల ఓటు హక్కు కూడా పోయింది.

దరఖాస్తులకి రెండేళ్ల గడువు. మొదట అక్కడి భారతీయుల సంఘం బహిష్కరించింది, తర్వాత చివరి ఏడాదిలో అందరూ ఎగబడ్డారు. మొత్తం 8 లక్షల పైచిలుకు మంది తరఫున దరఖాస్తులు పడితే, ఆమోదం దొరికింది కొద్ది భాగానికే. సిలోన్ మావాళ్లు కాదంది. ఇండియా వాళ్లంతట వాళ్లే మా పౌరులని ఒప్పుకోలేదు. మధ్యలో జనం ఏ దేశానికీ చెందకుండా పోయారు.

ఎదురెదురుగా కూర్చుంటే ఏదైనా తేలుతుందని నమ్మిన గిరి గారి కాలంలో ఈ చిక్కు తేలలేదు. ఖరగ్‌పూర్‌లో పనిచేసిన పద్ధతి ఇక్కడ పనిచెయ్యకపోవడానికి కారణం ఉంది. అక్కడ కార్మికుడు పని ఆపితే రైలు ఆగుతుంది. ఇక్కడ మాట్లాడుకునేది రెండు ప్రభుత్వాలు, ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆ కూలీకి ఓటు లేదు, బల్ల దగ్గర కుర్చీ లేదు. 1964లో శాస్త్రి, సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకుని 9,75,000 మందిని లెక్కకట్టి పంచుకున్నారు. 5,25,000 మంది ఇండియాకి, 3 లక్షల మంది సిలోన్‌కి, మిగతా లక్షన్నర సంగతి తర్వాత. మిగిలినవాళ్ల కోసం శ్రీలంక 2003లో కూడా చట్టం చెయ్యాల్సి వచ్చింది. అంటే అర్ధ శతాబ్దం దాటింది.

పాతపట్నం నుంచి ఢిల్లీకి

తిరిగొచ్చాక 1952లో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచి మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యారు. కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకి అనుకూలంగా వచ్చిన తీర్పుని ప్రభుత్వం తగ్గించడంతో 1954లో మంత్రి పదవికి రాజీనామా ఇచ్చేశారు. 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగా చేశారు. 1967లో డా. జాకీర్ హుస్సేన్ సాహెబ్ రాష్ట్రపతి అయినప్పుడు గిరి గారు ఉపరాష్ట్రపతి. 1969 మే 3న జాకీర్ సాహెబ్ పదవిలో ఉండగానే ఇంతకాల్ అయ్యారు. గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు, జూలైలో 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్స్ మీద సంతకం చేసి, ఎన్నికలో నిలబడటానికి రాజీనామా చేశారు. ఆ ఖాళీలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి మహమ్మద్ హిదాయతుల్లా సాహెబ్ కొన్ని వారాలు రాష్ట్రపతి బాధ్యత చూశారు. ఇండిపెండెంట్‌గా నిలబడిన గిరి గారు మరో తెలుగువాడు నీలం సంజీవరెడ్డి మీద రెండో ప్రాధాన్య ఓట్లతో గెలిచి, ఆగస్టు 24న ప్రమాణం చేశారు. 1974 దాకా పదవిలో ఉన్నారు. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

మన ఇళ్లకి పనికొచ్చే సంగతి

గిరి గారిని పొమ్మన్న రోజున ఆయనకి తిరిగి రావడానికి ఒక ఇల్లు, ఒక ఊరు, చేతిలో ఒక పట్టా ఉన్నాయి. సిలోన్ తోటల్లో వాళ్లకి అవి లేవు. తేడా అంతా అక్కడే ఉంది.

గల్ఫ్ దేశాల్లో మన పిల్లలు పుట్టినా అక్కడి పౌరులు కారు. మన చట్టం ప్రకారం, విదేశంలో పుట్టిన బిడ్డ పేరుని ఏడాది లోపు అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. గడువు దాటితే ఢిల్లీ నుంచి అనుమతి తెచ్చుకోవాలి. పాస్‌పోర్టులో, నికాహ్‌నామాలో, ఆధార్‌లో పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఒకచోట షేక్, ఇంకోచోట ఎస్.కె. అని ఉంటే ఇప్పుడే సరిచేయించాలి. దాదా పుట్టిన ఊరు, భూమి కాగితం, బడి సర్టిఫికెట్ ఇనప్పెట్టెలో ఏ అడుగునో ఉంటే బయటికి తీసి జిరాక్సులు పెట్టుకోవాలి. మనవాళ్లు సెలవుకి ఇంటికొచ్చినప్పుడు అత్తరు సీసాలు, చాక్లెట్లు పంచడం అయ్యాక, ఒక పూట కూర్చుని ఈ పని చేసుకుంటే మంచిది.