అక్షరానికి బొమ్మంత అందం.. బాపు

నరసాపురం: పెళ్లి శుభలేఖ అచ్చు వేయించేందుకు వెళ్లి, అక్షరాలు బాపు రాతలో ఉండాలని అడిగేవారు తెలుగునాట ఎందరో. దుకాణం బోర్డుల మీద, పుస్తకాల అట్టల మీద, సభల ఆహ్వానపత్రాల మీద ఆ రాత కనిపిస్తూనే ఉంటుంది. ఒక వ్యక్తి చేతిరాత ఇంతగా జనం సొత్తు కావడం అరుదు. ఆ ఘనత పశ్చిమగోదావరి జిల్లా బిడ్డ బాపుకు దక్కింది.

గోదావరి తీరం నుంచి మద్రాసుకు..
వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురంలో 1933 డిసెంబరు 15న సత్తిరాజు లక్ష్మీనారాయణ జన్మించారు. చదువు మద్రాసులో సాగింది. అక్కడే ముళ్లపూడి వెంకటరమణతో కుదిరిన స్నేహం జీవితాంతం నిలిచింది. 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నా, ఆయన మనసు కుంచె వైపే మొగ్గింది. ఆంధ్రపత్రికలో వ్యంగ్య చిత్రకారునిగా చేరారు. ముళ్లపూడి సృష్టించిన బుడుగుకు రూపం ఇచ్చింది ఆయన గీతే.

శీర్షికకు కొత్త సొగసు
అప్పట్లో పత్రికలు సీసపు అక్షరాల కూర్పుతో అచ్చయ్యేవి. చదువుకునే వచనానికి ఆ అక్షరాలు సరిపోయేవి. కథ పేరుకు, పుస్తకం ముఖచిత్రానికి కావలసిన వైవిధ్యం వాటిలో ఉండేది కాదు. అందువల్ల చిత్రకారుడు చేత్తో రాసి ఇచ్చిన శీర్షికను బ్లాకు చేయించి ముద్రించేవారు. బాపు ఈ పనిని బొమ్మకు తోకగా భావించలేదు. తీరిగ్గా కబుర్లు చెబుతూ రాసినట్లు కనిపించే ఆ అక్షరాల్లో తలకట్టు, దీర్ఘం, వత్తు దేని చోటులో అది ఒద్దికగా అమరేవి. సంతకం చూడకుండానే పాఠకులు ఆయన రాతను పోల్చుకునేవారు.

వెండితెరపైనా అదే ముద్ర
1967లో సాక్షితో దర్శకులయ్యారు. సంపూర్ణ రామాయణం, ముత్యాల ముగ్గు(1975), పెళ్లి పుస్తకం(1991) వంటి చిత్రాలు ఆయన పేరును ఇంటింటికీ చేర్చాయి. 2011 ఫిబ్రవరిలో ముళ్లపూడి కన్నుమూశారు. అదే ఏడాది విడుదలైన శ్రీరామరాజ్యం బాపు చివరి చిత్రం. 2013లో పద్మశ్రీ పురస్కారం లభించింది. 2014 ఆగస్టు 31న చెన్నైలో 80 ఏళ్ల వయసులో తుదిశ్వాస విడిచారు.

కంప్యూటరులో కొలువు
అచ్చు పని కంప్యూటరుకు మారాక బాపు రాతను అనుసరించి ఫాంటు వచ్చింది. తెలుగు ఫాంటుకు అచ్చులు, హల్లులు ఉంటే చాలదు. గుణింతాలు, వత్తులు అన్నీ ఒకే చేయి రాసినట్లు కుదరాలి. అయినా యంత్రానికి ఒక హద్దు ఉంది. చేత్తో రాసేటప్పుడు పక్క అక్షరాన్ని బట్టి ఒకే అక్షరం పలు పోకడలు పోతుంది. ఫాంటులో మాత్రం సాధారణంగా ఎన్నిసార్లు కొట్టినా అదే రూపు వస్తుంది.

కుంచె పట్టి శీర్షికలు రాసేవారు నేడు అరుదయ్యారు. బాపు అంటే ఒక ఫాంటు పేరని మాత్రమే ఎరిగిన యువత పెరుగుతోంది. కంప్యూటరు తెరపై కనిపించే ఆ రెండక్షరాల వెనుక నరసాపురంలో పుట్టిన ఒక కళాకారుని జీవితకాల సాధన ఉందని వారికి చెప్పవలసిన బాధ్యత పెద్దలదే.