ఓడ పగిలినవారిని కనికరించిన రాజు

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 28:1–10

ఓరుగల్లును ఏలిన కాకతీయులలో గణపతిదేవ చక్రవర్తి పేరు విననివారు మనలో అరుదు. 1199 మొదలుకొని 1262 వరకు ఆయన రాజ్యము చేసెను. అయితే సింహాసనము ఎక్కకముందు ఆయన చెరను చూచినవాడు. తండ్రియైన మహాదేవరాజు దేవగిరి యాదవులతో పోరాడి రణరంగమున కూలెను; కుమారుడు శత్రువుల చేతికి చిక్కెను. రాజులేని ఆ దినములలో సేనాని రేచర్ల రుద్రుడు రాజ్యమును నమ్మకముగా కాపాడెను. 1213లో పాలంపేటలో రామప్ప గుడిని కట్టించినవాడు ఈయనే. తరువాత దేవగిరి రాజు జైతుగి గణపతిని విడిచిపెట్టగా, ఆయన తిరిగివచ్చి ఏలుబడి చేసెను.

ఆయన రాజ్యమును సముద్రతీరము వరకు విస్తరింపజేసెను. తాను గెలిచిన దివిసీమ ఏలికల ఇంటి ఆడపడుచులైన నారాంబ, పేరాంబలను వివాహమాడి, వారి సోదరుడు జాయపను గజసైన్యమునకు అధిపతిగా చేసెను.

1244లో చీరాల దగ్గరి మోటుపల్లి రేవులో ఆయన ఒక అభయశాసనము వేయించెను. అంతకుముందు గాలివానకు ఓడ పగిలి సరుకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినయెడల, అది బంగారమైనను గుఱ్ఱములైనను, రాజులు బలవంతముగా లాగుకొనుచుండిరి. ప్రాణముతో గట్టెక్కినవానికి కట్టుబట్టలే మిగిలెడివి. గణపతిదేవుడు ఈ దోపిడిని మాన్పించెను. ముప్పదింట ఒక వంతు సుంకము తప్ప మరేమియు తీసికొనబడదని రాతిమీద చెక్కించెను. వర్తకము పెరుగుట రాజునకు లాభమే. కీర్తిని కోరినట్లును శాసనములోనే యున్నది. అయినను నష్టపోయినవాని మిగిలిన సొత్తు వానిదే అని ఒప్పుకొనుట చిన్న సంగతి కాదు. పరుల చేతిలో నిస్సహాయుడై యుండుట ఎట్టిదో ఆయన ఎరిగియుండెను గదా అని మేము తలంచుచున్నాము.

ఆ శతాబ్దము చివరి భాగములో ఇటలీలోని వెనీసు వర్తకుడు మార్కో పోలో, మోటుపల్లి సీమను న్యాయముగా ఏలిన రాణిని గూర్చి చెప్పెను. ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవియే అని చరిత్రకారులు తలంతురు.

ప్రియ చదువరులారా, పౌలు ఎక్కిన ఓడ మెలితే యొద్ద పగిలినప్పుడు 276 మంది ప్రాణములతో ఒడ్డు చేరిరి. సువార్త యింకను వినని ఆ ద్వీపవాసులు వారిని దోచుకొనలేదు. వానకు, చలికి వణకువారికి నిప్పు రాజబెట్టి చేర్చుకొనిరి. వెళ్లునప్పుడు కావలసినవి ఓడలో ఉంచిరి. గణపతిదేవుడును శైవుడే, మన వేదమును ఎరిగినవాడు కాడు.

ఎరిగిన మన సంగతి ఏమి? మా నస్పూర్ చుట్టునున్న బొగ్గు గనులలో పనిచేయువాడు ఒకడు చనిపోయినయెడల, అది ఆ యింటికి ఓడ పగులుటయే. విధవరాలి కన్నీరు ఆరకముందే, వచ్చు సొమ్ములో తమ పాలెంతయని లెక్కించు బంధువులను, వడ్డీ కాగితములతో గడప ఎక్కువారిని మనము చూచియున్నాము. వారిలో ఆదివారము మనతో కూర్చుండువారును లేకపోలేదు.

కాబట్టి ఈ నెలలో అట్టి యింటికి వెళ్లుదము. అన్నము తీసికొనిపోదము. ఆమె కాగితములు చదువలేనియెడల చదివి వినిపింతుము. వ్రేలిముద్ర వేయించుకొనవచ్చినవాని యెదుట ఆమె ప్రక్కన నిలిచెదము. ఒడ్డున నిప్పు రాజబెట్టినవారిని ప్రభువు మరచిపోడు.