పిట్టను కొట్టిన చేతే.. లంకలను కాపాడింది

బ్రూక్‌ఫీల్డ్‌ నుంచి మైసూరు బయల్దేరే మన తెలుగువాళ్లు చాలామంది శ్రీరంగపట్నం దగ్గర రంగనతిట్టులో ఆగుతారు. కావేరి మధ్యలో చిన్న చిన్న లంకలు.. వాటి నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. పడవెక్కి ఫొటోలు తీసుకుంటాం సరే.. వాటికి ఆ చోటు దక్కేలా చేసిందెవరో తెలుసా? సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోతే మేనమామ పెంచారు. ఓ రోజు ఆ పిల్లాడు ఎయిర్‌గన్‌తో పిచ్చుకను కొట్టాడు. చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ! అదేం పిట్టో మేనమామకూ తెలియలేదు. కనుక్కోమని బొంబాయి నేచురల్‌ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడ కార్యదర్శి మిల్లర్డ్‌ చూపించిన పక్షుల నమూనాలు కుర్రాడి దారే మార్చేశాయి.

జర్మనీలో శిక్షణ పొంది వచ్చినా ఉద్యోగం దొరకలేదు. అయినా వదల్లేదు. 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి అక్కడి పక్షుల వివరాలు సేకరించారు. 1939లో భార్య తెహ్మినా కన్నుమూశారు. ఆ దుఃఖంలోనూ పని ఆపలేదు. మైసూరు ప్రభువులను ఒప్పించి 1940లో రంగనతిట్టును పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటింపజేశారు. మరుసటి ఏడాదే భారతీయ పక్షులపై ఆయన పుస్తకం వచ్చింది.

అంతరించిందనుకున్న మన కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. దాన్ని వెతికి పట్టుకున్నది ఆయన సొసైటీవారే. మరుసటి ఏడాది జూన్‌ 20న సలీం అలీ కన్నుమూశారు.

2022లో రంగనతిట్టుకు రామ్‌సర్‌ గుర్తింపు దక్కింది. ఈసారి అక్కడికెళ్తే గూళ్ల దగ్గర కేకలు వేయకండి. ఆ పెద్దాయనకు మనం చేయగల మర్యాద అదే.